హాజరుపట్టీలో పేరు
(ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోనికి అనువదించే వారికి కొన్ని మాటలు శ్రమ కలిగించవు. ‘హక్కు’, ‘హాజరు’ అటువంటివి. అరబ్బీలో పుట్టి, ఉర్దూ ద్వారా ఉభయ భాషలలోను స్థిరపడినవి. దుస్తుల పరిశ్రమలో పనిచేసే స్త్రీల జీవితంలో ఈ రెండు మాటలకు గల సంబంధాన్ని గూర్చి నేడు ముచ్చటిస్తాను.

ఢిల్లీలోని ఓఖ్లా, హర్యానాలోని గురుగ్రాం, మానేసర్, ఉత్తరప్రదేశ్‌లోని నోయిడా - ఇవన్నీ విదేశాలకు దుస్తులను ఎగుమతి చేసే కేంద్రాలు. బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, ఒడిశా మొదలగు రాష్ట్రాల కుటుంబాలు ఇక్కడికి వలస వచ్చినవి. బెంగుళూరు కర్మాగారాలలో స్త్రీలే అధిక సంఖ్యాకులు. ఢిల్లీ పరిసరాలలో మాత్రం కుట్టు యంత్రాల వద్ద చిరకాలంగా పురుషులే ఎక్కువ. దారపు కొసలు కత్తిరించడం, గుండీలు కుట్టడం వంటి తక్కువ కూలి పనులే స్త్రీలకు తరచు లభిస్తున్నవి. గురుగ్రాంలోని ఉద్యోగ్ విహార్ సరిహద్దున ఉన్న కాపస్‌హేడా ఢిల్లీకి చెందినది. అక్కడ అద్దె గదిలో ఉండే కార్మికురాలు రోజూ సరిహద్దు దాటి పనికి వెళుతుంది. అద్దె ఢిల్లీలో, ఆమెకు వర్తించే కనీస వేతనం హర్యానాది.

చట్టాలకు కొరత లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితిని, అదనపు గంటలకు రెట్టింపు వేతనాన్ని నిర్ణయించినది. 1976 నాటి చట్టం స్త్రీ పురుషులకు సమాన వేతనాన్ని శాసించినది. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల వరకు 2017లో పెరిగినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు ఈ రక్షణలను తమలో చేర్చుకొని, ఉద్యోగులకు నియామక పత్రం ఇవ్వాలని ఆదేశించినవి. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతున్నది.

అయినను ఇవి అందరికీ అందడం లేదు. ప్రసూతి సెలవునే తీసుకోండి. కాన్పుకు ముందు 12 నెలలలో కనీసం 80 రోజులు పని చేసిన స్త్రీ దీనికి అర్హురాలు. ఆ 80 రోజులకు సాక్ష్యం ఏది? హాజరుపట్టీ. కాంట్రాక్టరు ద్వారా వచ్చి, కాగితం లేకుండా కూలి తీసుకునే స్త్రీకి ఆ సాక్ష్యం దొరకదు. అదనపు గంటల లెక్క కూడ అంతే. ఇక ఇంటి వద్దనే పూసలు, అద్దాలు కుట్టి, ముక్కకు ఇంత అని కూలి పొందే స్త్రీలు ఏ పట్టీలోను కనబడరు. 2021లో ప్రారంభమైన ఈ-శ్రమ్ నమోదు వారికి ఒక గుర్తింపును కల్పించినది. న్యాయమైన కూలిని మాత్రం అది నిర్ణయించదు.

సంఘటితమైనప్పుడు స్త్రీల మాట చెల్లుతుంది. 2016 ఏప్రిల్‌లో భవిష్యనిధి సొమ్ము తీసుకొనడంపై విధించిన ఆంక్షలకు నిరసనగా బెంగుళూరు దుస్తుల కార్మికులు, ముఖ్యంగా స్త్రీలు, వేలాదిగా వీధులలోనికి వచ్చారు. కేంద్ర ప్రభుత్వం ఆ ఆంక్షలను ఉపసంహరించుకున్నది. నిధిలో తమ పేరున సొమ్ము ఉన్నదని వారెరుగుదురు, కనుకనే అడుగగలిగారు.

విద్యార్థులారా! నియామక పత్రం, వేతన చీటీ, హాజరుపట్టీ కార్మికురాలు చదువుకోగల భాషలో ఉండాలి. మీ ఇరుగుపొరుగున కుట్టుపనికి వెళ్ళే అక్కలు, వదినలు ఉంటే, వారి వేతన చీటీని ఒకసారి కలిసి చదవండి. పనిచేసిన గంటలన్నీ అందులో ఎక్కినవో లేదో లెక్కించి చెప్పండి. మీ చదువు వారికి చేయగల మొదటి సహాయం అదే.