ఆదాయపు పన్ను – ఇంటి చిట్టా

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ప్రతి వర్షమును ఈ వేదికపై నిలిచి మీ పిల్లల మార్కులను గూర్చియు, హాజరును గూర్చియు నాలుగు మాటలు చెప్పుట నాకు వాడుక. ఈ ఏడు పిల్లల లెక్కలను ప్రక్కనుంచి పెద్దల లెక్కలను గూర్చి చెప్ప దలచితిని. నేను పన్నుల వకీలును గాను. చార్టర్డు అకౌంటెంటును గాను. కాని యొక సంఘటన నన్నీ విషయమును తెలిసికొనునట్లు చేసినది. సంబంధించిన వారి యనుమతితో, పేరు చెప్పక, దానిని ముందుగా మనవి చేయుచున్నాను.

మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక నిరుడు శీతకాలమున ఒక సాయంకాలము నాయొద్దకు తండ్రితో కూడ వచ్చినది. తండ్రి యొక కార్ఖానాలో నెలజీతముపై పనిచేయువారు. ఆయనకు ఆదాయపు పన్ను శాఖనుండి ఇంగ్లీషులో సందేశము వచ్చినది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కాగితము మీద ఇంగ్లీషు – మన షోలాపురపు తెలుగువారి బ్రదుకే యంత గదా! ఆయన సందేశమును కూతురుచేత చదివించిరి. ఆ పిల్ల చదివి, "మనము ఏ రాజకీయ పార్టీకి చందా ఇచ్చితిమి నాయనా?" అని అడిగినదట. ఆయన ఏ పార్టీకిని దమ్మిడీ ఇచ్చినవారు కారు.

జరిగిన దేమనగా, రెండు మూడేండ్ల క్రిందట ఒక మధ్యవర్తి ఆయనతో, "జీతములో పట్టుకొనిన పన్ను తిరిగి తెప్పించెదను, వచ్చినదానిలో నాలుగవ వంతు నాకిమ్ము" అనెను. ఈయన పాన్ సంఖ్యయు, ఫోనుకు వచ్చిన ఓటీపీయు చెప్పిరి. ఆ మధ్యవర్తి ఇయ్యని చందా ఇచ్చినట్లును, కట్టని ఇంటి అద్దె కట్టినట్లును వ్రాసి రిటర్ను పంపెను. 38,000 రూపాయలు వాపసు వచ్చినవి. అందు 9,500 అతడు తీసికొనెను. ఈయన కది ప్రభుత్వము దయతో నిచ్చిన సొమ్ముగా తోచినది.

సందేశము వచ్చిన పిమ్మట తెలిసినవారి సాయమున సవరించిన లెక్కను సమర్పించి, ఆ 38,000 రూపాయలును, దానిపై వడ్డీయు, ఈ రెండును కలిపిన మొత్తములో సగము అదనపు పన్నుగను చెల్లించిరి. మధ్యవర్తి తన 9,500 ఇయ్యలేదు. అసలు కనబడనే లేదు. తానుగా సవరించుకొన్నారు గనుక అంతటితో పోయినది. శాఖవారే విచారించి తప్పుడు వివరము నిచ్చినట్లు తేల్చినచో, ఎగవేసిన పన్నుకు రెండు రెట్లు అపరాధము విధింపవచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యన నిదియే.

ఇట్టివారు ఒక్క మన యూరనే లేరు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖవారు దేశమంతటను ఇట్టి మధ్యవర్తుల స్థలములలో సోదాలు జరిపిరి. కాని నన్ను బాధించినది సొమ్ము సంగతి కాదు. కూతురు ప్రశ్నకు తండ్రి తల వంచుకొనుట నేను చూచితిని. ఆయన అబద్ధమాడినవారు కారు, చదువక అంగీకరించినవారు. ఆ రిటర్నునకు బాధ్యులు మాత్రము ఆయనయే. మధ్యవర్తి పేరు దానిపై లేదు. కనుక నేడు నేను చెప్పు మాట యొక్కటే: మీ లెక్క మీ చేతిలో నుండవలెను. దానికి కావలసిన సంగతులను క్రమముగా మనవి చేసెదను.

మొదటిది – చట్టము. 1961వ సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025వ సంవత్సరమున క్రొత్త చట్టము చేయబడినది. 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆర్జించు ఆదాయమునకు అది వర్తించును. అంతకు ముందటి ఆదాయమునకు పాత చట్టమే. చట్టము మాఱిననంతనే మన లెక్కలు తలక్రిందులగునని భయపడ నక్కఱలేదు. సెక్షన్ల సంఖ్యలు మాఱినవి. సంవత్సరమును పిలుచు పేరు మాఱినది. వచ్చినదానిని వచ్చినట్లు చూపవలె నను ధర్మము మాఱలేదు.

రెండవది – పన్ను రేట్లు. 2025–26 సంవత్సరపు ఆదాయమునకు క్రొత్త పద్ధతి ననుసరించి 4 లక్షల వఱకు పన్ను లేదు. 4 నుండి 8 లక్షల వఱకు నూటికి 5, 8 నుండి 12 వఱకు 10, 12 నుండి 16 వఱకు 15, 16 నుండి 20 వఱకు 20, 20 నుండి 24 వఱకు 25, ఆపైన 30 వంతున లెక్కింతురు. మొత్తము ఆదాయము 12 లక్షలు మించనిచో ఆ పన్నును 60,000 రూపాయల వఱకు మినహాయింతురు. జీతగాండ్రకు మఱియొక 75,000 రూపాయల తగ్గింపు కలదు.

ఇక్కడనే మనలో పలువురు పొరబడుచున్నారు. "12 లక్షల వఱకు పన్ను లేదు గదా, నాకు రిటర్నుతో నేమి పని?" అని యందురు. పన్ను లేకపోవుట వేఱు, లెక్క చెప్పనక్కఱ లేకపోవుట వేఱు. ఒక కిరాణా దుకాణదారుకు ఏడాదికి ఖర్చులు పోగా 7 లక్షలు మిగిలిన దనుకొందము. 4 లక్షలపైన నున్న 3 లక్షలకు నూటికి 5 వంతున 15,000 పన్ను పడును. అది పూర్తిగా మినహాయింపబడును. కాని ఆదాయము 4 లక్షలు దాటినది గనుక రిటర్ను సమర్పించియే తీరవలెను. మినహాయింపు అడుగు దారియు నదియే.

మరమగ్గములు గలవారు మఱియొక సంగతి గమనింపవలెను. ఏడాదికి విద్యుచ్ఛక్తి ఖర్చు లక్ష రూపాయలు దాటినవారు, ఆదాయము 4 లక్షలకు తక్కువయైనను, రిటర్ను సమర్పింపవలెను. మీ బిల్లులను కూడి చూచుకొనుడు.

మూడవది – పట్టుకొనిన పన్ను. నూలు వ్యాపారి తన నూలు మీకిచ్చి నేయించుకొని మజూరీ చెల్లించును. ఆ మజూరీ ఒక్కమాఱు 30,000 దాటినను, ఏడాదికి మొత్తము లక్ష దాటినను, పన్ను పట్టవలసిన వ్యాపారి నూటికి 1 వంతున పట్టుకొని మీ పాన్ సంఖ్యపై ప్రభుత్వమునకు జమ కట్టును. పాన్ సంఖ్య ఇయ్యనివారికి నూటికి 20 వంతున పట్టును! ఒక సోదరునకు ఏడాదికి 9,00,000 రూపాయల మజూరీ వచ్చిన దనుకొందము. 9,000 పన్నుగా పోయినది. కరెంటు, కూలి, మరమ్మతు, అద్దె అన్నియు పోగా ఆయనకు మిగిలినది 3,60,000. అనగా ఆయన కట్టవలసిన పన్ను సున్న. ఆ 9,000 ఆయన సొమ్మే. కాని రిటర్ను పంపినగాని అది తిరిగి రాదు. పిల్లవాని పుస్తకములకును, దుస్తులకును సరిపోవు సొమ్మును అడుగక వదలుకొనుట యెందులకు?

వ్యాపారి నిజముగా జమ కట్టెనా లేదా యని ఆదాయపు పన్ను శాఖవారి వెబ్‌సైటులో మీ ఖాతా తెఱచి చూచుకొనవచ్చును. బ్యాంకు వడ్డీ, పెద్ద క్రయవిక్రయములు మొదలగునవి కూడ అచ్చటి వార్షిక సమాచార పత్రములో కనబడును. ప్రభుత్వము మిమ్ము గూర్చి యేమి యెఱుగునో మీరును ముందుగా నెఱుగుట మంచిది.

నాలుగవది – చిన్న వ్యాపారికి సులభ పద్ధతి. ఏడాది వ్యాపారము 2 కోట్లు మించనివారు, నగదు వసూలు నూటికి 5 మించనిచో 3 కోట్ల వఱకు గలవారు, వసూలులో నూటికి 8 వంతున లాభముగా చూపవచ్చును. బ్యాంకు ద్వారాను, ఫోను చెల్లింపుల ద్వారాను వచ్చినదానికి నూటికి 6 చాలును. కమీషను, దలాలీ వృత్తులవారికి ఈ పద్ధతి లేదు. పైని చెప్పిన సోదరునకు 9,00,000పై నూటికి 6 వంతున 54,000 అగును. కాని జాగ్రత్త! అది కనీసపు మొత్తము మాత్రమే. నిజముగా మిగిలినది 3,60,000 అయినచో 3,60,000 చూపుటయే ధర్మము. అట్లు చూపినను ఆయనకు పన్ను లేదు. రేపు పిల్లవాని విద్యా ఋణమునకు బ్యాంకు వారడిగినపుడు ఆ లెక్కయే అక్కఱకు వచ్చును. తక్కువ చూపి నిలుపుకొనిన దేదియు లేదు, పోగొట్టుకొనునది పరపతి.

ఈ సులభ పద్ధతివారికి పన్ను 10,000 రూపాయలు గాని అంతకు మించి గాని పడునట్లున్నచో, మార్చి 15వ తేదీలోపల ముందస్తుగా చెల్లింపవలెను. ఆలసించినచో వడ్డీ పడును.

ఐదవది – చేబదుళ్లు. మనలో పెండ్లికిని, మగ్గమునకును చేబదులు తెచ్చుకొనుట తరతరముల వాడుక. 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా అప్పు పుచ్చుకొనరాదు, నగదుగా తీర్చరాదు. మీఱినచో అంత మొత్తమును అపరాధముగా విధింపవచ్చును. స్నేహము స్నేహమే, సొమ్ము మాత్రము బ్యాంకు ద్వారా నడువనిండు. పూర్వీకుల యూళ్లలో నేటికిని పొలములున్నవారు కొందఱు కలరు. సేద్యపు ఆదాయమునకు పన్ను లేదు గాని, అది 5,000 దాటినచో ఇతర ఆదాయముపై పన్ను రేటు కట్టునపుడు లెక్కలోనికి తీసికొందురు. కనుక చూపవలెను. అచ్చటి ఇంటి అద్దె మాత్రము పన్నుకు లోబడిన ఆదాయమే.

ఇక ఈ పాఠశాలకు సంబంధించిన మాట. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఫీజు రసీదులకై మీరు నాయొద్దకు వత్తురు. పాత పద్ధతిని ఎన్నుకొనిన వారికి మాత్రమే ఆ రసీదు ఉపయోగించును. జీవిత బీమా, భవిష్య నిధి మొదలగు వానితో కలిపి 1,50,000 వఱకు, ఇద్దఱు పిల్లల బోధన రుసుమునకు తగ్గింపు కలదు. క్రొత్త పద్ధతిలో అది లేదు. పాత పద్ధతిలోనైనను బోధన రుసుము మాత్రమే చెల్లును. బస్సు రుసుము, దుస్తులు, పుస్తకములు, భవనమునకిచ్చిన విరాళము బోధన రుసుము గావు.

"మాస్టరుగారూ, అంతయు నొకటే మొత్తముగా వ్రాసి ఇయ్యరాదా?" అని స్నేహభావముతో అడిగినవారు కలరు. ఇయ్యలేనంటిని. ఒకరిద్దఱు నొచ్చుకొనిరి. వారికి నేడు కారణము చెప్పుచున్నాను. ఉదయము మీ బిడ్డ లెక్కల పుస్తకములో తప్పునకు ఎఱ్ఱసిరాతో గీత గీసిన చేయి, సాయంకాలము మీకు తప్పుడు లెక్క వ్రాసి ఇయ్యజాలదు. ఇచ్చినచో ఆ గీతకు విలువ యుండదు.

చివరగా నాలుగు అలవాట్లు. ఒకటి: రిటర్నును గడువులోపుననే పంపుడు, గడువు దాటినచో ఆదాయమునుబట్టి 1,000 గాని 5,000 గాని రుసుము పడవచ్చును. రెండు: పంపిన 30 దినములలో దానిని ధ్రువీకరింపుడు, ధ్రువీకరింపని రిటర్ను పంపనట్లే. మూడు: మీ పక్షమున ఎవరు నింపినను, పంపుటకు ముందు ప్రతి పంక్తిని చదివించుకొని వినుడు. చందా, అద్దె, బీమా అను మాట వచ్చినపుడు "ఇది నేను కట్టితినా? రసీదేది?" అని అడుగుడు. వాపసులో వాటా అడుగువానికి దండము పెట్టి వచ్చిన దారినే పంపివేయుడు. ఓటీపీ యనునది మీ చేవ్రాలే యని గుర్తుంచుకొనుడు.

నాలుగవది నాకు మిక్కిలి ప్రియమైనది. మన పెద్దలు దుకాణములో చిట్టాయు, ఆవర్జాయు తప్పక వ్రాసెడివారు. దినము గడచినపిమ్మట జమాఖర్చు సరిచూడక నిదురపోయెడివారు కారు. ఆ యలవాటును మరల తెచ్చుకొందము. ఒక నోటుపుస్తకము కొనుడు. ఆదివారము సాయంకాలము మీరు చెప్పుడు. మీ అబ్బాయి గాని అమ్మాయి గాని వ్రాయును. ఎడమవైపు వచ్చినది, కుడివైపు పోయినది. వ్రాతకు తెలుగు నిలుచును, లెక్కకు బుద్ధి నిలుచును, రిటర్ను నింపునాటికి లెక్క సిద్ధముగా నుండును.

జూన్, జూలై నెలల ఆదివారములలో ఉదయము పది గంటలనుండి పండ్రెండు వఱకు నేనును, మన లెక్కల ఉపాధ్యాయులును పాఠశాలలో నుందుము. ఇంగ్లీషు కాగితము వచ్చినవారు తీసికొనిరండు. చదివి తెలుగులో అర్థము చెప్పెదము. రిటర్నును మేము నింపము. అది తెలిసినవారి పని. కాని మీరేమి పంపుచున్నారో మీకు తెలియకుండ పోనియ్యము.

నేను చెప్పిన ఆ బాలిక ఇంట ఇప్పుడొక నోటుపుస్తకము కలదు. మొదటి పుటలో తండ్రి జీతము, బడి ఫీజు, 9,500 నష్టము కూడ వ్రాసినది. "అది యెందులకమ్మా వ్రాసితివి?" అని అడిగితిని. "జరిగినది వ్రాయవలెను గదా మాస్టరుగారూ" అనెను. నేను నేర్పవలసిన పాఠమును ఆమె నాకు చెప్పినది.