అజ్ఞాతవాసము నేర్పిన విద్య: జాన్ వేన్ నటజీవితము



నలోపాఖ్యానము చదివినవారికి బాహుకుడు పరిచితుడే. రాజ్యము గోల్పోయి, రూపు మారి, పేరు మార్చుకొని, నలమహారాజు ఋతుపర్ణుని కొలువున గుఱ్ఱములను చూచుకొనెను. ఆ కాలము వృథాగా పోలేదు. రాజుగా నున్నప్పుడు లేని అక్షహృదయ విద్య సేవకుడుగా నున్నప్పుడే లభించెను. ఆ విద్యయే పోయిన రాజ్యమును మరల తెచ్చెను. ఇట్టి కథ యొకటి గత శతాబ్దమున సముద్రముల కావల, సినిమా ప్రపంచమున జరిగినది. ఆ నటుని పేరు జాన్ వేన్.

అమెరికా చలనచిత్రములలో ‘వెస్టర్న్’ అను తెగ యొకటి కలదు. మనవారు వానిని కౌబాయ్ చిత్రములందురు. పందొమ్మిదవ శతాబ్దమున పడమటి మైదానములకును, ఎడారులకును వలసపోయిన జనుల కష్టములు, పశువుల మందలను తోలు ఆశ్వికుల సాహసములు, తుపాకులతో తీరిన తగవులు వాని ఇతివృత్తములు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రముతో ఈ తీరు కథ తెలుగు తెరమీదికిని వచ్చెను. ఈ చిత్రముల మాట వచ్చినచోట ముందుగా తలపునకు వచ్చు నటులలో వేన్ ఒకడు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు మారియన్ రాబర్ట్ మారిసన్. 1907 మే 26న అయోవా రాష్ట్రమున, వింటర్‌సెట్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి మందుల దుకాణమున పని చేయువాడు. ఆయన ఆరోగ్యము చెడుటచే కుటుంబము కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి అంచునకు తరలెను. అచ్చట సేద్యము పెట్టిరి గాని కలిసిరాలేదు. ఆ దినములలో బాలుడు గుఱ్ఱమెక్కి బడికి పోయెడివాడు. పిదప గ్లెండేల్ పట్టణము చేరి, తెల్లవారకముందు వార్తాపత్రికలు, బడి విడిచిన తరువాత మందులు ఇంటింట అందించుచు చదువుకొనెను. వెంట తిరుగు కుక్క పేరు డ్యూక్. అగ్నిమాపక కేంద్రపు సిబ్బంది బాలుని ‘చిన్న డ్యూక్’ అని పిలువసాగిరి. ‘డ్యూక్’ అను ఆ ముద్దుపేరు కడవరకు నిలిచెను.

నౌకాదళ విద్యాలయమున చేరగోరెను, చోటు దొరకలేదు. ఫుట్‌బాల్ ఆటలోని నేర్పుచే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున విద్యార్థివేతనము లభించెను. అంతలో సముద్రపు టలలలో ఈదులాడుచు భుజమునకు దెబ్బ తగిలించుకొనెను. దెబ్బతో ఆట పోయెను, ఆటతో వేతనము పోయెను, వేతనముతో చదువును పోయెను. అప్పటికే సెలవులలో ఫాక్స్ స్టూడియోలో కుర్చీలు, బల్లలు మోయు కూలిపని చేసియుండెను. ఇప్పుడదియే జీవనాధారమయ్యెను. జాన్ ఫోర్డ్ అను దర్శకునితో పరిచయము ఆ పనిలోనే కలిగెను.

1930లో రౌల్ వాల్ష్ అను దర్శకుడు ఇతడు సామాను మోయుచుండగా చూచి, ఆ యెత్తును, నడకలోని ఠీవిని మెచ్చి, ‘ది బిగ్ ట్రెయిల్’ అను భారీ చిత్రమున నాయకపాత్ర నిచ్చెను. స్టూడియో వారు పేరు మార్చి జాన్ వేన్ అని పెట్టిరి. ఆ పేరు నిర్ణయించునాడు పేరుగలవాడు అక్కడ లేనే లేడు!

అదృష్టము తలుపు తట్టెననుకొనిరి. ఆ చిత్రమును 70 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్ముపై గూడ తీసిరి. దానిని చూపవలెనన్న క్రొత్త యంత్రములు, క్రొత్త తెర కావలెను. మాటల చిత్రముల కొఱకు అప్పుడే వ్యయము చేసియున్న థియేటర్ల వారు, ఆర్థికమాంద్యపు దినములలో మరల ధనము పెట్టలేకపోయిరి. బహు కొద్ది చోట్ల మాత్రమే ఆ వెడల్పు తెర కనబడెను. చిత్రము నష్టపడెను. ఇరువది మూడేండ్ల నాయకుడు మెట్టెక్కిన వెంటనే క్రింద పడెను.

సభాసదులారా, ఇక్కడనుండి దాదాపు తొమ్మిదేండ్లు బాహుకుని కొలువే. మాస్కాట్, మోనోగ్రామ్, రిపబ్లిక్ అను చిన్న సంస్థలకు పదులకొద్దీ చవుక చిత్రములలో నటించెను. కొన్నిటిని వారము దినములలోపే ముగించెడివారు. 1933లో ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’ అను చిత్రమున పాటలు పాడు కౌబాయ్ వేషము కట్టించిరి. పాట రానివానికి మరియొకరి గొంతు తగిలించిరి. పట్టణపు పెద్ద థియేటర్లలో ఈ చిత్రములకు మన్నన లేదు. పల్లె జనులును, పిల్లలును చూచి చప్పట్లు కొట్టెడివారు.

అయినను ఆ కొలువున అతనికొక ఋతుపర్ణుడు దొరికెను. ఆయన యకీమా కానట్, గుఱ్ఱపుస్వారి పోటీలలో విజేత, ప్రాణాపాయకర విన్యాసములలో దిట్ట. గుఱ్ఱముపై కూర్చుండు తీరు, పడవలసినచోట దెబ్బ తగులకుండ పడు తీరు ఆయనవద్ద నేర్చెను. అంతకుముందు తెరపై పోట్లాటలనగా ఒకరి భుజములపై నొకరు మొత్తుకొనుటయే. వీరిరువురును గుద్దు ముఖమునకు తగులకుండ ప్రక్కనుండి పోవునట్లు, కెమెరా కోణము వలన తగిలినట్లే తోచునట్లు ఒక పద్ధతిని పొందించిరి. తరువాతి చిత్రములకు అది మార్గమయ్యెను. కానట్ నడకను, మాటతీరును గూడ వేన్ శ్రద్ధగా గమనించి తనవిగా చేసికొనెను.

అంతట ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’ అను చిత్రము తలపెట్టెను. నిర్మాత వాల్టర్ వాంగర్ పేరుపొందిన గ్యారీ కూపర్‌ను కోరెను. ఫోర్డ్ వేన్ కొఱకే పట్టుబట్టెను. పట్టుబట్టి తెచ్చినవానిని షూటింగులో నలుగురి యెదుట కఠినముగా మందలించెడివాడు. వేన్ ఓర్చుకొని పని నేర్చెను. తెరపై మొదటి పేరు అతనిది కాదు, కథానాయిక క్లెయిర్ ట్రెవర్‌ది. 1939లో చిత్రము విడుదలయ్యెను. ఒక చేత జీను, మరొక చేత గిరగిర త్రిప్పు తుపాకి; త్రోవప్రక్కన నిలిచిన ఆ యువకుని ముఖము మీదికి కెమెరా రివ్వున సాగును. ఆ ఒక్క దృశ్యముతో తొమ్మిదేండ్ల అజ్ఞాతవాసము ముగిసెను. బండిని తరుము ఘట్టమున పరుగెత్తు గుఱ్ఱముల నడుమ నేలకు జారిన సాహసి గురువు కానటే.

పిమ్మట 1948లో ‘రెడ్ రివర్’, 1956లో ‘ది సెర్చర్స్’ అతని కీర్తిని పెంచెను. 1964లో క్యాన్సరు వలన ఒక ఊపిరితిత్తిని తీసివేసిరి. ఆ సంగతిని దాచక లోకమునకు చెప్పెను. 1969 నాటి ‘ట్రూ గ్రిట్’ చిత్రమునకు ఆస్కార్ బహుమానము 1970లో చేతికందెను. 1976లో ‘ది షూటిస్ట్’ అను కడపటి చిత్రమున క్యాన్సరుతో మరణించబోవు వృద్ధవీరుని వేషము ధరించెను. 1979 జూన్ 11న దివంగతుడయ్యెను.

గుణములతోపాటు దోషములను చెప్పుటయు ధర్మమే. తెరపై అనేక పర్యాయములు సైనికుడైన ఈతడు రెండవ ప్రపంచ యుద్ధమున సేనలో చేరలేదు. ఆ విమర్శ తుదివరకు వెంటాడెను. అక్కడి ఆదివాసులను ఈ చిత్రములు తరచు శత్రువులుగనే చూపెను. ‘స్టేజ్‌కోచ్’లో అపాచీ వీరులుగా కనబడినవారు మాన్యుమెంట్ వ్యాలీలో వసించు నవాహో ప్రజలు. తమ నేలమీదనే, మరియొక తెగ పేర, ఓడిపోవు వేషములు వారికి దక్కెను. తెర చెప్పునది చరిత్ర యంతయు కాదని దీనివలన గ్రహింపవలెను.

అయినను ఈ జీవితమునుండి గ్రహింపదగిన మాట యొకటి కలదు. 1930లో అవకాశము వచ్చెను, అప్పటికి విద్య పక్వము కాలేదు. 1939లో అవకాశము మరల వచ్చునప్పటికి విద్య సిద్ధముగా నుండెను. నడుమనున్న కాలమును లోకము పరాజయమనెను, అతడు దానిని పాఠశాలగా చేసికొనెను. ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి చదువుకొను యువకులలో పరీక్ష తప్పినవారు, ఉద్యోగము రానివారు, సేద్యము కలిసిరానివారు ఉందురు. మరల పిలుపు వచ్చు దినమేదో ఎవ్వరికిని తెలియదు. ఆ లోపల నేర్చిన విద్య మాత్రము ఎక్కడికిని పోదు.

స్వస్తి.