మేళములో నెవరు లెక్కకు వత్తురు?

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన యూరి మేళగాండ్రు, భజనగోష్ఠులవారు, హరికథకులు, వీరి పేర్ల పట్టిక యొకటి సిద్ధము చేయవలెనని లోగడ నిశ్చయించితిమి. ఆ పని నా కప్పగింపబడినది. సులభమైన పనియే యనుకొని తలయూపితిని. కాగితము ముందు పెట్టుకొని కూర్చుండిన గడియలోనే చిక్కు వచ్చినది. "మేళమునకు చెందినవారు" అను శీర్షిక క్రింద నెవరిని వ్రాయవలెను? ఎన్నడైనను వాయించిన వారినందరినా? నిత్యము వెంట నుండినవారినా? ఒక్క పెండ్లికి వచ్చి పోయినవారినా?

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. ప్రపంచ సంగీతమున కంతకును కంప్యూటరులో పట్టికలు కట్టువారున్నారు. 2000వ సంవత్సరమున మొదలైన మ్యూజిక్‌బ్రెయిన్జ్, ఆ యేటనే పుట్టిన డిస్కాగ్స్ అనునవి వీనిలో ముఖ్యములు. వీనియందు వివరములు చేర్చువారు పెక్కురు సంగీతాభిమానులు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పద్ధతి నాకు నచ్చినది. బృందములోనివానిని సభ్యుడని వ్రాసి, ఏ యేట చేరెనో, ఏ యేట విడిచెనో, ఏ వాద్యము వాయించెనో చేర్తురు. వెంట వాయించుచున్నను బృందములోనివాడు కానివానికి సహాయ వాద్యకారుడను వేరు సంబంధము కలదు. ఒక్క రికార్డులో మాత్రమే వాయించినవానిని ఆ రికార్డునకే ముడివేయుదురు.

బీటిల్స్ అను ఇంగ్లీషు బృందము పేరు మన పిల్లలకు దెలియును. 1962 ఆగస్టు వరకు వారి డ్రమ్ములు వాయించినవాడు పీట్ బెస్ట్. ఆ పిమ్మట రింగో స్టార్. 1964 జూనులో రింగో జబ్బుపడగా జిమ్మీ నికోల్ అనునతడు కొలది దినములు ఆ స్థానమున వాయించెను. 1969లో వెలువడిన "గెట్ బ్యాక్" రికార్డుపై బిల్లీ ప్రెస్టన్ పేరు అచ్చయ్యెను. అయినను అతనిని బృందమున నైదవవాడని సాధారణముగా లెక్కింపరు. కీర్తి వచ్చుటకు ముందే వెడలిన పీట్ బెస్ట్ మాత్రము సభ్యుడే. అతనికి ముగింపు తేదీ కలదు, అంతే. కాబట్టి అచ్చులో పేరుండుట వేరు, మేళములో నుండుట వేరు.

మన కచేరీ సంగీతమున కీ తగవు లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) ఎందరో గాయకుల ప్రక్కన వాయించిరి. అంతమాత్రమున నెవరి బృందములోను సభ్యులు కారు. 2011లో బార్సిలోనా నగరపు పొంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయమువారు మొదలిడిన కాంప్‌మ్యూజిక్ అను పరిశోధనలో కర్ణాటక రికార్డులను మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో చేర్చిరి. అచట ప్రధాన కళాకారుని పేరు పైన నిలుచును; వయొలిన్, మృదంగము వాయించినవారి పేర్లు ఆయా కీర్తనలకు ముడిపడును. సబబైన పద్ధతి.

నాదస్వర మేళము సంగతి యట్లు కాదు. అది సెట్టు. నాదస్వరము, డోలు, తాళము, ఒత్తు కలిసి ఒక్క సంసారమువలె తిరుగును. పేరుమోసిన డోలు విద్వాంసుని అదనముగా పిలిపించినచో ఆయనను "స్పెషల్" అందుము. సెట్టు, స్పెషల్ అను రెండు మాటలతో మన పెద్దలు సభ్యునికిని అతిథికిని గల భేదమును ఏ కంప్యూటరును లేనినాడే తేల్చిరి గదా! కాలభేదమును గూడ మరువరాదు. మనకు దగ్గరనే కోవిల్పట్టిలో స్థిరపడిన కారుకురిచ్చి అరుణాచలంగారు (1921–1964) మొదట గురువు రాజరత్నం పిళ్ళైగారి ప్రక్కన వాయించి, పిదప తమ మేళమునకు దామే నాయకులైరి. ఒక్క మనిషికి రెండు వరుసలు కావలెను. 1962 నాటి "కొంజుం సలంగై" చిత్రమున వారి నాదస్వరముతో తెలుగునాట పుట్టిన యస్. జానకిగారి గొంతు పోటీపడినది. అది ఒక పాట కూడలి. ఒకరు మరొకరి మేళమున చేరినట్లు కాదు. ఆ పాటకు డోలు వాయించినవారెవరని యడిగిన మనలో నెందరు చెప్పగలరు?

ఇక శ్రీరంగమున నున్న తెలుగు దంపతులు, నాదస్వర విద్వాంసులు, షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ మహబూబ్ గారలకు 2020లో పద్మశ్రీ వచ్చినది. ప్రభుత్వపు జాబితా ఆ యిద్దరిని జంటగా లెక్కించి ఒక్క వరుసలో వ్రాసినది. జంటను విడదీయుట తగదనుట మంచిదే. మన పట్టికలో మాత్రము ఇద్దరికి రెండు పేర్లుండవలెనని నా యభిప్రాయము.

అసలు చిక్కు ఒత్తువానితో వచ్చినది. ఎవరు లేకున్న మేళము మొదలు కాదో వారే సభ్యులని మొదట అనుకొంటిని. ఒత్తు లేనిదే శ్రుతి లేదు గావున అతడు నెగ్గెను. కాని నేడు ఆ పని విద్యుత్ శ్రుతిపెట్టె చేయుచున్నది. పెట్టెను సభ్యునిగా వ్రాయుదుమా? సంపాదనలో వాటా గలవాడే సభ్యుడనుకొంటిని. నేనెరిగిన మేళములో ఒత్తు పట్టు కుర్రవానికి వాటా లేదు, భోజనమును పంచెయు మాత్రమే. ఆ లెక్కన అతడు బయటివాడగును. నాకు మనసొప్పలేదు. తుదకు ఆ మేళపు ముదుసలి నొకనిని అడుగగా, "పెండ్లిండ్లు లేని ఆడి మాసములో గూడ మా యింటనే తిని మాతోనే సాధకమునకు కూర్చుండినవాడు మావాడు" అనెను. ఇదియే నేను గ్రహించిన కొలత. స్పెషల్ విద్వాంసుడు ఎంత గొప్పవాడైనను ఆడి మాసమున రాడు.

ఇంకొక మాట. మనము ఇంట తెలుగు మాటలాడుచున్నను వ్రాత తమిళము. మనము "రాజు" అని పిలిచినవారు అచ్చులో "రాజా" యగుదురు. 1949లో మద్రాసు ముఖ్యమంత్రియైన పి. యస్. కుమారస్వామి రాజాగారి పేరే చూడుడు. ఒకే వాద్యకారుడు రెండు పేర్లతో ఇద్దరుగా మారు ప్రమాదము కలదు. కనుక అచ్చులోని పేరు అట్లే యుంచి, ఇంటి పేరును, పిలుపు పేరును ప్రక్కన వ్రాయుదము. పెండ్లిండ్లలో నలుగు పాటలు, మంగళహారతులు పాడిన మన యమ్మలక్కలకును ఒక వరుస కలదు. వారిది మేళము కాదని కొందరు పెద్దలు వాదించిరి. నేను వ్రాసితిని.

మా యింట పాత పెండ్లి ఛాయాపటము ఒకటి యున్నది. మేళములో నలుగురు నిలిచియున్నారు. ముగ్గురి పేర్లు మా పెద్దతండ్రిగారు వెనుక వ్రాసియుంచిరి. కుడి చివర ఒత్తు పట్టుకొనినవానికి పేరు లేదు. ఛాయాపటమును కార్యదర్శిగారి బల్లపై నుంచితిని. ఎనుబదేండ్లు దాటిన పెద్దలు దయచేసి వెళ్ళునపుడు ఒకమారు చూడుడు. ఎవరైన గుర్తింపగలిగిన నాకు చెప్పుడు. ఆ వరుస ఇంకను ఖాళీగా నున్నది.