ఖాట్మండులో మొదటి రోజు: "పాణీ ఛ?"

(మన సంఘం యువజన సభలో మర్రిగూడ గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను "విదేశంలో నా అనుభవం" మీద మాట్లాడమన్నారు. విదేశం అనగానే మీరు అమెరికా అనుకుంటారు. నేను పోయింది నేపాల్. నవ్వకండి. పాస్‌పోర్టు కూడా లేకుండా, ఓటరు కార్డుతో పోయిన విదేశం అది. మనోళ్లు దుబాయి పోయినోళ్లున్నారు, మస్కట్ పోయినోళ్లున్నారు, ఈ సభలోనే వాళ్ల పిల్లలున్నారు. వాళ్ల ముందు నాది పెద్ద ప్రయాణమేం కాదు. కానీ ఆ ఒక్క రోజు గురించి చెప్పాల్సింది ఒకటుంది, అందుకే ఒప్పుకున్నాను.

2019 మే నెల. హాస్టళ్లకు వేసవి సెలవులు. నేను, దేవరకొండామె, అచ్చంపేటామె, ముగ్గురం టీటీసీలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. పేర్లు చెప్తే వాళ్లు ఊరుకోరు, ఊర్లతోనే పిలుచుకుందాం. దేవరకొండామె మన గోర్ బిడ్డే. అచ్చంపేటామె చెంచు బిడ్డ, నల్లమల పక్క పెంట నుంచి చదువుకొని టీచర్ అయిన మనిషి. ముగ్గురికీ నలభై వచ్చినై, ముగ్గురం తిరుపతి దాటి పోలేదు.

ఖాట్మండే ఎందుకంటే, దానికి కారణం నా హాస్టల్ పిల్లలు. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది కదా. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మన లంబాడా పిల్ల, అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమె ఫోటో మా హాస్టల్ గోడ మీద ఉంది. ఒకరోజు ఆరో తరగతి పిల్ల అడిగింది: "మేడం, మీరు ఎవరెస్టు చూసిన్రా?" పుస్తకంలో చూశానన్నాను. "పుస్తకంలో నేను కూడ చూసిన" అన్నది. ఆ మాట గుచ్చుకుంది. (తర్వాత తెలిసింది, పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఖాట్మండు ఊర్లో నిలబడితే ఎవరెస్టు ఎట్లాగూ కనబడదు. మే నెల దుమ్ములో పక్కనున్న కొండలే సరిగ్గా కనబడలేదు మాకు.)

పోవాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. విమానంలో నేపాల్ పోవడానికి పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఉండాలి. మన వయసువాళ్లకు ఆధార్ చెల్లదు. దేవరకొండామె ఓటరు కార్డు వంగిపోయి, ఫోటో చెరిగిపోయి ఉంది. ఢిల్లీ విమానాశ్రయంలో ఆఫీసరు కార్డును ఒకసారి, ఆమెను ఒకసారి చూస్తుంటే, ఆమె కొంగు సర్దుకొని ఫోటోలో ఉన్నట్టు ముఖం పెట్టింది. ఆయన నవ్వి ముద్ర వేశాడు.

ఖాట్మండులో దిగంగనే గడియారం ముందుకు జరపాలి. ఎంతో కాదు, పదిహేను నిమిషాలు. దేశం మారితే గంటలు మారతాయని పాఠం చెప్పాను గాని, పావుగంట మారుతుందని నాకే తెలియదు. బయట టాక్సీ ఆయన మా చేతిలో అయిదు వందల నోటు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు. 2018 డిసెంబర్‌లోనే నేపాల్ ప్రభుత్వం మన 200, 500, 2000 నోట్లు చెల్లవని ప్రకటించింది. నేను, అచ్చంపేటామె ముఖాలు చూసుకున్నాం. దేవరకొండామె మాత్రం తాపీగా నడుముకున్న గుడ్డ సంచి విప్పి వంద నోట్ల కట్ట తీసింది. ఆ సంచి చూసి హైదరాబాదులో మేమిద్దరం ఎంత నవ్వామో! వాళ్ల మేనల్లుడు లారీ మీద నేపాల్ సరిహద్దు దాకా పోయొచ్చినవాడు, వంద నోట్లే పట్టుకపొమ్మన్నాడట. మన వందకు అక్కడ నూట అరవై రూపాయలు, 1993 నుంచి అదే లెక్క. ఆ రోజంతా ఆమే మా బ్యాంకు. ప్రతి ఛాయ్‌కి ఆమె దగ్గర చెయ్యి చాపాల్సిందే.

ఠమేల్ అనే పేటలో చిన్న గది దొరికింది. సామాను పెట్టి, ముఖం కడుక్కొని, నడుచుకుంటూ బయలుదేరాం. మా ఫోన్లు అక్కడ పనిచేయవు. అక్కడి సిమ్ము రేపు కొనుక్కుందామనుకున్నాం. తప్పంతా ఇక్కడే జరిగింది.

ఠమేల్ నుంచి దక్షిణానికి నడిస్తే అసన్ అనే పాత బజారు వస్తది. ఆరు దారులు కలిసే కూడలి, మధ్యలో అన్నపూర్ణ గుడి. మసాలాలు, ఇత్తడి చెంబులు, ఎండు చేపలు, బియ్యం బస్తాలు, వాటి మధ్య నుంచి మోటారు సైకిళ్లు. మన మాల్ అంగడిని రెండంతస్తుల చెక్క కిటికీల ఇళ్ల మధ్యకు తెచ్చి పెట్టినట్టుంది. అచ్చంపేటామె జిగురు, కుంకుడు లాంటివి కనబడితే చాలు, ఆగిపోయి వాసన చూస్తది. అడవి బిడ్డ కదా. ఆమెను లాక్కుంటూ ఇంద్రచౌక్ దాకా పోయాం.

అక్కడ ఒక సందు ఉంది, పిల్లలూ. పూసల సందు. చిన్న చిన్న దుకాణాలు, తలుపు నిండా పూసల దండలు వేలాడదీసి ఉంటయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. వాటిని 'పోతే' అంటారు, పెళ్లయిన ఆడవాళ్లు అక్కడ మెడలో వేసుకుంటారు. మేమిద్దరం ఆ సందు మొదట్లోనే నిలబడిపోయాం.

మా యాడి ఫేటియా, కాంచళి, పూసలు, అద్దాలు, చేతుల నిండా గాజులతో ఉండేది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆమెతో మాల్ అంగడికి పోతే, పది అడుగులు వెనుక నడిచేదాన్ని. నా క్లాసు పిల్లలు చూస్తారని. ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగి చూసేది కాదు, నేను ఇబ్బంది పడతానని. ఆ పూసల సందులో ఎవరూ ఎవరికీ పది అడుగుల వెనుక నడవడం లేదు. బ్యాంకు ఉద్యోగిలా ఉన్న ఒకామె, మెడలో గుర్తింపు కార్డు, అదే మెడలో ఆకుపచ్చ పూసలు, కూర్చొని బేరమాడుతోంది.

దుకాణం ముసలాయన దండలు లెక్కపెడుతున్నాడు: "ఏక్, దుయి, తీన్, చార్, పాంచ్." దేవరకొండామె నా చెయ్యి గిల్లింది. మనం ఏమంటాం? ఏక్, ది, తీన్, చార్, పాంచ్. ఆమె గొంతు కలిపి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆయన ఆగి చూసి, నవ్వి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఇక అదే ఆట. చెయ్యి చూపిస్తే హాత్, చెవి చూపిస్తే కాన్, ముక్కు చూపిస్తే నాక్. మనదీ అదే, వాళ్లదీ అదే.

ఆ ఆటలో పడి అరగంట పోయింది. వెనక్కి తిరిగి చూస్తే అచ్చంపేటామె లేదు.

మొదట పక్క దుకాణంలో ఉంటది అనుకున్నాం. లేదు. సందు చివరి దాకా పోయాం. హనుమాన్ ఢోకా చౌక్ దాకా పోయి చూశాం. 2015 ఏప్రిల్ భూకంపంలో కూలిన గుడుల చుట్టూ ఇంకా రేకులు అడ్డం పెట్టి ఉన్నాయి, నిలబడ్డ గోడలకు దుంగలు ఆనించి ఉన్నాయి. చిన్న కుమారి దేవత ఉండే ఇల్లు కూడా అక్కడే. జనం ఆ కిటికీ వైపు తల ఎత్తి చూస్తున్నారు, మేము జనం ముఖాలు చూస్తున్నాం. ఆమెకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఫోన్ లేదు. డబ్బులు దేవరకొండామె సంచిలో ఉన్నాయి. లాడ్జి పేరు కాగితం మీద రాసుకుందామని కూడా ఎవరికీ తోచలేదు. వంద మంది ఆడపిల్లలను విహారయాత్రకు తీసుకుపోయి, బస్సు ఎక్కేటప్పుడు రెండుసార్లు లెక్కపెట్టే వార్డెన్‌ను నేను. ముగ్గురిలో ఒకరిని పోగొట్టాను.

మసక పడుతోంది. నా నోరు ఎండిపోయింది. ఒక సందులో, రోడ్డు కంటే కిందకు, మెట్ల బావిలా రాతితో కట్టిన గుంట కనబడింది. గోడలోంచి మొసలి నోరులాంటి రాతి గొట్టం, దాంట్లోంచి సన్నగా నీళ్లు. అటువంటి ధారలు ఆ లోయలో వందల ఏళ్లుగా ఉన్నాయి. కింద ఆడవాళ్లు బిందెలు, డబ్బాలు వరుస పెట్టి కూర్చున్నారు. మన తండాల్లో ట్యాంకర్ కోసం కూర్చున్నట్టే. నేను మెట్లు దిగాను. హిందీ మాట్లాడదామనుకున్నాను. అక్కడ హిందీ చాలామందికి అర్థమవుతది, నాకు కూడా టీవీలు చూసి కొంచెం వచ్చు. కానీ భయంలో హిందీ రాలేదు, ఇంగ్లిషు రాలేదు. నోట్లోంచి వచ్చింది ఇది:

"పాణీ ఛ?"

ఒక ముసలామె తల ఎత్తి, "ఛ, ఛ" అన్నది. తన చెంబు వంచి నా దోసిట్లో పోసింది.

ఆ రెండు మాటలు వాళ్ల భాషలో కూడా అవేనని తర్వాత తెలుసుకున్నాను. మన గోర్ బోలీ, నేపాలీ, హిందీ ఒకే ఇండో-ఆర్యన్ కుటుంబం. తెలుగేమో ద్రావిడ కుటుంబం. అందుకే నల్లగొండలో పక్కింటివాళ్లకు అర్థం కాని మన మాట, అంత దూరంలో ఒక అవ్వకు అర్థమైంది. ఇది విద్య కాదు, మాయ కాదు, భాషల చుట్టరికం.

కానీ ఆ నిమిషంలో నాకు గుర్తొచ్చింది చుట్టరికం కాదు. మా హాస్టల్‌లో మూడో తరగతి పిల్ల. పేరు చెప్పను. కొత్తగా తండా నుంచి వచ్చింది. ఒక రాత్రి నా గది తలుపు కొట్టి "పాణీ" అన్నది. నేను, టీచర్ ట్రైనింగ్ అయిన మనిషిని, "నీళ్లు అను, ఇస్తా" అన్నాను. హాస్టల్‌లో తెలుగే మాట్లాడాలని నియమం పెట్టింది నేనే. బళ్లో వెనకబడొద్దనే పెట్టాను, చెడు ఆలోచన కాదు. ఆ పిల్ల అనలేదు. తల దించుకొని నిలబడింది. మూడుసార్లు అడిగాను. చివరికి నీళ్లు తాగకుండానే పోయి పడుకుంది. ఫ్లోరైడుతో నడుములు వంగిపోయిన మనుషులున్న మండలం మాది. నీళ్ల విలువ మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! ఆ రాత్రి నేను ఒక పిల్లను దాహంతో పంపించాను. గోర్ బోలీలోనే పెరిగిన నేను.

ఈ అవ్వ నన్ను "సరిగ్గా అను" అనలేదు.

నేను ఏడుస్తున్నానని చూసి ఆమె ఏదో అడిగింది. "బేన్, బేన్" అంటూ చేతులతో చూపించాను, పసుపు చీర, ఇంత పొడవు, పోయింది అని. అక్కాచెల్లెళ్ల సంగతని ఆమెకు తెలిసింది. బిందె దగ్గరున్న మనవడిని పిలిచి ఏదో చెప్పి మాతో పంపింది. ఆ పిల్లవాడు మా ముందు నడిచి, నేరుగా అసన్ కూడలికి తీసుకపోయాడు. అన్నపూర్ణ గుడి మెట్ల మీద, పసుపు చీర కొంగు నిండుగా కప్పుకొని, శనగలు నముల్తూ కూర్చొని ఉంది మా అచ్చంపేటామె.

దేవరకొండామె పోయి వీపు మీద ఒకటి వేసింది. "ఏడ సచ్చినవే?"

"ఈడనే ఉన్న. మీరే నా ముంగట నుంచి రెండుసార్లు ఉరికిన్రు. పిలిస్తే ఇనవడలే" అన్నది. "అడవిల తప్పిపోతే తిరగొద్దు, చివరికి అందరం కలిసి చూసిన చెట్టు కాడ కూసోవాలె అని మా తాత చెప్పేటోడు. ఈడ చెట్టు లేదు, గుడి ఉంది."

శనగలు ఎట్లా కొన్నావంటే, కొనలేదట. అమ్మే ఆమె ఊరికే ఇచ్చిందట.

ఆ పిల్లవాడికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. దేవరకొండామె తన గుడ్డ సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చిన సకినాలు తీసి పొట్లం కట్టి ఇచ్చింది, అవ్వకు కూడా అని. రాత్రి మోమోలు తిన్నాం. మోమో అంటే మన కుడుముల్లాంటివి, లోపల కూరగాయలో మాంసమో పెడతారు. 'బఫ్' అని రాసి ఉంటే గేదె మాంసం, చూసుకొని అడగండి. తర్వాత మూడు రోజులు పశుపతినాథ్, బౌద్ధనాథ్, పాటన్ అన్నీ చూశాం. ఫోటోలున్నాయి, కావాలంటే చూపిస్తాను. చెప్పుకునేంత ఏం జరగలేదు. రోజూ పొద్దున ముందు కలిసే చోటు నిర్ణయించుకొని బయలుదేరాం, అంతే.

జూన్‌లో హాస్టల్ తెరిచిన రోజు, మంచినీళ్ల డ్రమ్ము మీద ఒక అట్టముక్క అంటించాను. దాని మీద పెద్దగా రాశాను: నీళ్లు, పాణీ, వాటర్. పాత నియమం కాగితం చింపేశాను. తెలుగు నేర్పడం మానలేదు, ఇప్పుడు ఇంకా ఎక్కువ నేర్పుతున్నాను. ముందు పిల్ల ఏమంటుందో విని, ఆ తర్వాత తెలుగు మాట చెప్తున్నాను.

ఆ పిల్ల అప్పటికి నాలుగో తరగతికి వచ్చింది. అట్టముక్క ముందు నిలబడి మూడు మాటలూ చదివింది. తర్వాత నా దగ్గరకొచ్చి, "మేడం, పాణీ తెలుగు అక్షరాలల్ల రాయొచ్చా?" అని అడిగింది. రాయొచ్చన్నాను. పలక తెచ్చుకొని, వాళ్ల యాడి పేరు, బాపు పేరు, మేకల పేర్లు, సాయంత్రం దాకా రాస్తూనే ఉంది.