తెర ఎటువైపు ఉండాలి?

 

ఈరోజు పట్టా పుచ్చుకుంటున్న మీలో చాలామంది ఇప్పటికే ఒక ఉద్యోగం చేస్తున్నారు, జీతం లేకుండా. అమ్మమ్మ కంటి పరీక్షకు అపాయింట్‌మెంటు తీసేది మీరు. ఊళ్లో ఉన్న నాన్న చేత ఫోన్లో ఓటీపీ ఒక్కో అంకె చెప్పించుకునేది మీరు. లెక్కల్లో మాత్రం ఆన్‌లైన్ సేవ వాడుకున్నది మీ అమ్మమ్మే! మరి మీలాంటి మనవడో మనవరాలో లేని అమ్మమ్మ సంగతి?

2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవారికి కరోనా టీకా కావాలంటే ప్రభుత్వ పోర్టల్ కోవిన్‌లో ముందే స్లాటు తీసుకోవాలన్నారు. అప్పటికి కోవిన్‌కు తెలుగు రాదు. జూన్‌లో గానీ రాలేదు. స్లాట్లు తెరిచిన కాసేపటికే అయిపోయేవి. ప్రోగ్రాములు రాయడం వచ్చిన కుర్రాళ్లు స్లాటు పడగానే కబురందించే బాట్లు తయారుచేసుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, ప్రాణభయం అలాంటిది. కానీ ఆ వరసలో ముందు నిలబడింది అవసరం ఎక్కువున్నవాడు కాదు, వేళ్లు చురుకైనవాడు. కేవలం పోర్టల్ మీద ఆధారపడితే పేదలు టీకాకు దూరమవుతారని సుప్రీంకోర్టు అదే ఏడాది మే 31 నాటి ఉత్తర్వులో హెచ్చరించింది. ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు గారూ ఉన్నారు.

ఆ రోజుల్లో హైదరాబాద్ రెండు దృశ్యాలు చూసింది. జూన్ 6న హైటెక్స్‌లో ఒక్కరోజులో 40,000 మందికి టీకా వేయాలన్న లక్ష్యంతో ఒక ప్రైవేటు ఆసుపత్రి, సైబరాబాద్ పోలీసులు కలిసి భారీ శిబిరం పెట్టారు. డబ్బు కట్టగలిగి, ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోగలిగినవారి కోసం అది. దానికి కొద్దిరోజుల ముందే, మే 28న, రాష్ట్ర ప్రభుత్వం కూరగాయలమ్మేవాళ్లకు, రేషన్ డీలర్లకు, గ్యాస్ బండలు మోసేవాళ్లకు టీకాలు మొదలుపెట్టింది. వాళ్లెవరూ స్లాటు కోసం ఫోను పట్టుకుని కూర్చోలేదు. సిబ్బందే వెతికి పిలిచారు. నా దృష్టిలో రెండోదే గొప్ప సాంకేతికత, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోకపోయినా.

ఇప్పుడు ‘ఆభా’ వచ్చింది, 14 అంకెల ఆరోగ్య ఖాతా. ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నమోదు వరసలో ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. మంచిదే. అయితే 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ ఐటీ కారిడార్‌లో అద్దాల మేడలు లేపుతున్న కూలీలను తలుచుకోండి. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చి, పని ఎక్కడుంటే అక్కడికి మారిపోతుంటారు. సిమ్ కూడా మారుతుంది. ఆభా కోసం ఆధార్‌కిచ్చిన పాత నంబరుకు ఓటీపీ వెళ్తే అది ఎవరికి చేరుతుంది? సిమెంటుకు అరిగిన వేళ్లను బయోమెట్రిక్ యంత్రం చాలాసార్లు గుర్తుపట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న తెలంగాణ మహిళలు 26.5 శాతమే. మగవాళ్లలో అంతకు రెట్టింపు పైనే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, కాదనను. కానీ ఇంట్లో ఫోనుండటం వేరు, ఇల్లాలి చేతిలో ఉండటం వేరు. నమోదైన నంబరు భర్తదైతే, ఆమె పరీక్ష ఫలితం ముందు చదివేది ఆయనే. అది క్షయ కావచ్చు, గర్భం కావచ్చు. ఇంట్లో ఎవరికి ఎప్పుడు చెప్పాలో తేల్చుకునే హక్కు ఆమె చేతిలోంచి ఒక్క మెసేజీతో జారిపోతుంది. డిజైన్‌లోని ఈ లోపానికి పరీక్షల్లో మార్కులు పోవు కాబట్టి మీకెవరూ చెప్పి ఉండరు.

దీన్ని సరిదిద్దడం చేతకాని పనైతే మిమ్మల్ని అడగను. ఇదే హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవ మొదలైంది. మొదలుపెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం.  పిలిచేవాడికి కావాల్సింది ఏదో ఒక ఫోను, మూడు అంకెలు, తన భాష. మ్యాపులు, రికార్డులు, ఏ బండి దగ్గరుందన్న లెక్క, అంతా కాల్ సెంటర్లో కూర్చున్నవాళ్ల తెరమీద. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకంలోనూ అనుమతులు కంప్యూటర్లోనే నడుస్తాయి, కానీ ఆసుపత్రి గుమ్మంలో రోగికి దారి చూపే ఆరోగ్యమిత్ర ఉంటారు. కార్డు పట్టుకొచ్చిన పెద్దాయన పాస్‌వర్డు గుర్తుంచుకోనక్కర్లేదు. తెర ఉద్యోగి వైపుంది, మనిషి రోగి వైపున్నాడు. ఈ అమరిక తిరగబడి, ఉద్యోగి పని రోగి నెత్తిన పడ్డప్పుడే జనం బయట ఉండిపోతారు. ఆరోగ్యమిత్ర జీతం మిగుల్చుకుని దాన్ని ‘డిజిటల్ పొదుపు’ అనుకుంటే, ఆ ఖర్చు నెట్ సెంటర్లో రోగి కడతాడు.

రేపు మీరు తయారుచేయబోయే ఆన్‌లైన్ ఫారాల్లో ‘మొబైల్ నంబరు’ పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు పెట్టమంటారు, తప్పనిసరి అని. పెట్టేముందు మీ మేనేజరును అడగండి, నంబరు లేని మనిషి వస్తే ఏ కిటికీకి వెళ్లాలని. సమాధానం లేకపోతే ఆ పని పూర్తికానట్టే రాసుకోండి. కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రి మీలో చాలామంది చేరబోయే ఐటీ ఆఫీసులకు ఎంతో దూరం లేదు. ఆరోగ్య ప్రాజెక్టులో చేరినవాళ్లు మొదటి కోడు రాయకముందే ఒక ఉదయం అక్కడి ఓపీ వరసలో నిలబడి రండి. ల్యాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేసి వెళ్లండి.