తెల్లవారేదాకా జంక్షనులో



మన పంచాంగం లెక్కలో సూర్యోదయమైతేనే గాని మర్నాడు రాదు. ముహూర్తం అర్ధరాత్రి రెండింటికి పడినా ఆ పెళ్ళిని ఆ రోజు రాత్రి పెళ్ళి అనే అంటాం. రైలువాళ్ళ లెక్క అది కాదు. రాత్రి పన్నెండు కొట్టడంతోటే వాళ్ళకు తారీఖు మారిపోతుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా తెలియకపోతే ఏమవుతుందో, మొన్న మాఘమాసంలో నేనూ మా అత్తగారూ బెజవాడ స్టేషనులో ఒక రాత్రి గడిపి తెలుసుకున్నాం. ఆ సంగతే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను.

నంద్యాలలో మా చెల్లెలి గృహప్రవేశం. మేముండేది అనకాపల్లి. మావారికి సెలవు దొరకలేదు. "మేమిద్దరం వెళ్ళొస్తాంలెండి, టిక్కెట్లు నేనే తీస్తాను" అన్నాను. పదో తరగతి పాసైనదాన్ని, సెల్‌ఫోనులో టిక్కెట్టు తీయడం మా అబ్బాయి దగ్గర నేర్చుకున్నదాన్ని, ఆ మాత్రం చేతకాదా? 12వ తేదీ సాయంత్రం బయలుదేరి బెజవాడ దాకా ఒక బండి, అక్కణ్ణించి రాత్రి 00.40కి నంద్యాలకు మరో బండి. రెంటికీ 12వ తేదీ అనే వేసి టిక్కెట్లు తీశాను. తప్పెక్కడుందో మీకు అర్థమై వుంటుంది. నాకు మాత్రం అర్థం కాలేదు.

బెజవాడలో పదకొండుకు దిగాం. నంద్యాల బండి వేళకే వచ్చింది. పెట్టె ఎక్కి చూస్తే మా బెర్తుల్లో ఎవరో పడుకుని వున్నారు. నేను గట్టిగానే మాట్లాడాను. టిక్కెట్లు చూసే ఆయన నా ఫోను తీసుకుని చూసి, "అమ్మా, 12వ తేదీ 00.40 అంటే నిన్న రాత్రి. మీ బెర్తులు నిన్న ఖాళీగా వెళ్ళాయి. ఇవాళ 13 వచ్చేసింది" అన్నాడు. నా తల తిరిగిపోయింది. జనరల్ పెట్టె చూస్తే గుమ్మందాకా మనుషులు. డెబ్భై యేళ్ళ మనిషిని, మోకాళ్ళ నొప్పులతో ఉన్నావిడను అందులోకి ఎలా ఎక్కించను? మా ఎదురుగానే బండి కదిలి వెళ్ళిపోయింది.

మా అత్తగారు ఒక్క మాట అనలేదు. మావారికి ఫోను చేయబోతే మాత్రం ఆపారు. "వద్దమ్మాయ్. ఇప్పుడు వాడికి చెబితే వాడి నిద్ర పాడవడం తప్ప మనకు ఒరిగేదేముంది? పొద్దున్న బండెక్కాక చెబుదువుగాని" అన్నారు. తరువాత బండి ఆరు దాటాక. రిటైరింగు రూముల సంగతి అడిగితే, చెల్లే టిక్కెట్టు వుండాలన్నారు. మాది చెల్లిపోయింది. కౌంటరులో పొద్దుటి బండికి రెండు టిక్కెట్లు కొనుక్కుని ఆడవాళ్ళ వెయిటింగు హాలు చేరాం.

బెజవాడ జంక్షను మనలో చాలామందికి పగలు తెలుసు. రాత్రి వేరు. పది ప్లాట్‌ఫారాలు. విశాఖ వైపు, మద్రాసు వైపు, కాజీపేట వైపు, గుంటూరు వైపు, గుడివాడ వైపు — ఐదు దారులు వచ్చి కలిసే చోటు కాబట్టి అక్కడ అర్ధరాత్రి అన్నమాటే లేదు. "దయచేసి వినండి" అంటూ మైకు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పిలుస్తూనే వుంటుంది. దుర్గమ్మ దర్శనం చేసుకుని తిరిగి వెళ్ళేవాళ్ళు, ఆసుపత్రుల నించి వచ్చేవాళ్ళు, పరీక్షలు రాయబోయే పిల్లలు, దుప్పటి పరిచి గాఢనిద్ర పోయే కూలీజనం. ఇంట్లో పరుపు మీద నిద్ర పట్టని మనం, ఆ సిమెంటు నేల మీద అంత హాయిగా పడుకున్నవాళ్ళను చూసి కాస్త అసూయ పడతాం కూడాను.

మా పక్క బెంచీ మీద ఇరవై యేళ్ళ అమ్మాయి, ఒళ్ళో ఏడెనిమిది నెలల పసివాడు. ఆ పిల్ల తిండి తిన్న జాడ లేదు. మా అత్తగారు పులిహోర పొట్లం విప్పి, "తీసుకో తల్లీ" అన్నారు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. నేను చిన్నబుచ్చుకున్నాను గాని, ఆ అమ్మాయి చేసింది సరైన పని. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పెట్టింది తినవద్దని అందరూ చెబుతూనే వుంటారు కదా! మా అత్తగారు నొచ్చుకోలేదు. అదే పొట్లంలోంచి తాను ముందు రెండు ముద్దలు తిని, నాకొక ముద్ద పెట్టి, మిగిలింది మళ్ళీ ఆ పిల్ల ముందు పెట్టారు. ఈసారి ఆ అమ్మాయి నవ్వి తీసుకుంది. బందరులో పిన్నిగారింటికి వచ్చి గిద్దలూరు వెళుతోందట. మాది ఒకటే బండి.

మూడు కావస్తుండగా పిల్లవాడు లేచి గుక్కపట్టాడు. పాలసీసా ఖాళీ. "అక్కా, ఒక్క నిమిషం వీణ్ణి చూస్తావా? పాలు తెచ్చుకుంటా" అని వాణ్ణి నా చేతిలో పెట్టి, సంచీ కూడా వదిలి వెళ్ళింది. పది నిమిషాలు గడిచాయి. ఆ పిల్ల రాలేదు.

ఇంతలో హాలు కడిగే మనుషులు వచ్చారు. "అందరూ లేవండమ్మా, సామాన్లు తీయండి" అన్నారు. పిల్లవాడు, ఆ అమ్మాయి సంచీ, మా రెండు సంచులు, అత్తగారి చేతికర్ర అన్నీ పట్టుకుని బయటికి వచ్చాం. గుమ్మం దగ్గరంతా నీళ్ళు. కాస్త ఎడంగా, ఒక స్తంభం పక్కన పొడి చోటు చూసుకుని నిలబడ్డాం. ఇరవై నిమిషాలయింది. నాకు కాళ్ళు వణకడం మొదలైంది. ఆ అమ్మాయి పేరు అడగలేదు. ఫోను నంబరు అడగలేదు. స్టేషనుల్లో పిల్లల్ని వదిలేసి పోయే తల్లుల గురించి పేపర్లలో చదివినవన్నీ గుర్తుకు వచ్చాయి. "అత్తయ్యా, పోలీసులకు చెబుదామా?" అన్నాను.

"చెబుదాం. కానీ ఇద్దరం వెళ్ళకూడదు. మనం ఇక్కడ లేకపోతే ఆ పిల్ల వెతుక్కుంటూ వచ్చి గుండె ఆగి చస్తుంది. వీణ్ణి నాకిచ్చి, నువ్వు ఆ హాలు గుమ్మంలో నిలబడు. గడియారంలో ఆ ముల్లు ఆరు మీదికి వచ్చేదాకా చూద్దాం" అన్నారు.

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఖాళీ హాలు మధ్యలో నిలబడి వుంది. చేతిలో పాలసీసా. నీళ్ళు కారుతున్న బెంచీల వంక చూస్తోంది. నోట మాట లేదు. నన్ను చూసి నా భుజాలు రెండూ పట్టుకుంది. "వాడేడక్కా?" అంది. స్తంభం దగ్గరికి తీసుకువెళ్ళాను. పిల్లవాణ్ణి లాక్కుని నేల మీద కూలబడి ఏడ్చింది. "ఈ ప్లాట్‌ఫారం మీద పాలు లేవన్నారు అవ్వా. వంతెనెక్కి అవతలికి పోయినా. వచ్చేటప్పుడు దారి తప్పినా. వచ్చి చూస్తే మీరు లేరు. యాడికి ఎత్తకపోయినారోనని పానం పోయింది" అంది.

సోదరీమణులారా, ఆ మాట నాకు చెంపదెబ్బ లాగా తగిలింది. నేను ఆ అమ్మాయి పిల్లవాణ్ణి వదిలేసి పోయిందనుకున్నాను. ఆ అమ్మాయి నేను పిల్లవాణ్ణి ఎత్తుకుపోయాననుకుంది. కాసేపటి ముందు ఒక పొట్లంలో అన్నం తిన్నవాళ్ళం! తప్పు ఎవరిదీ కాదు. అడగవలసిన నాలుగు మాటలు అడగకపోవడమే తప్పు.

ఆ తరువాత తెల్లవారేదాకా ముగ్గురం వంతులు వేసుకున్నాం. ఒకరు మేలుకుంటే ఇద్దరు కునుకు తీశాం. ఎదుటి బెంచీ మీది నర్సమ్మ, నెల్లూరు వెళ్ళే ఇద్దరు కాలేజీ పిల్లలు కూడా మాలో కలిశారు. ఎవరు లేచి వెళ్ళినా "నేను ఫలానా చోటికి వెళుతున్నాను, పది నిమిషాల్లో వస్తాను" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. పొద్దున్న మేము బండిలో కూర్చున్నాక, గిద్దలూరులో దిగే ముందు ఆ అమ్మాయి మా అత్తగారి కాళ్ళకు దణ్ణం పెట్టింది. పేరు అప్పటికి మాకు తెలిసింది లెండి.

కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వుండేవారు. 1909లో కాలం చేశారు. వేళగాని వేళ గోదావరి దాటి వచ్చిన బాటసారులకు అన్నం పెట్టిన తల్లి అని ఇప్పటికీ చెప్పుకుంటాం. కాని ఆవిడకు ఒక ఇల్లు వుంది. వచ్చినవాడు అతిథి, పెట్టేవారు ఇంటివారు. స్టేషనులో అందరమూ బాటసారులమే, మరి ఇంటివారెవరు? మా అత్తగారిని చూశాక నాకు తోచింది ఒకటే. ముందు వచ్చి కూర్చున్నవాళ్ళే ఇంటివాళ్ళు. జాగ్రత్త వేరు, అనుమానం వేరు. జాగ్రత్త పేరు, ఊరు అడుగుతుంది. అనుమానం ఏమీ అడగదు, మొహం తిప్పుకుంటుంది. పసిబిడ్డతో వున్న ఒంటరి ఆడది బాత్రూముకు వెళ్ళాలన్నా ఎవరినో ఒకరిని నమ్మక తప్పదు కదా!

ఇక నేను నేర్చుకున్నవి చెబుతాను. మొదటిది, అర్ధరాత్రి దాటాక వచ్చే బండికి టిక్కెట్టు తీసేటప్పుడు "ఏ రాత్రి నేను ఇంట్లో పడుకోను?" అని వేసుకోండి ప్రశ్న. 12వ తేదీ రాత్రి భోంచేసి ఎక్కే బండి 00.40ది అయితే, దాని తేదీ 13. రెండోది, వెయిటింగు హాలులో కూర్చోవడానికి చెల్లే టిక్కెట్టు దగ్గర వుండాలి. సామాను క్లోక్ రూములో పెట్టాలంటే టిక్కెట్టుతో పాటు పెట్టెకు తాళం కూడా వుండాలి. ముడి వేసిన సంచులు తీసుకోరు. మూడోది, ఏ కష్టం వచ్చినా రైల్వే సహాయం నంబరు 139. తప్పిపోయిన పిల్లలు, ఒంటరిగా తిరిగే పిల్లలు కనబడితే 1098. ఈ రెండూ ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఫోనులో చార్జింగు అయిపోయేది ఇలాంటప్పుడే.

మరొకటి. 1989 నాటి రైల్వే చట్టంలో 139వ సెక్షన్ అని వుంది. మగతోడు లేని స్త్రీ దగ్గర సరైన టిక్కెట్టు లేకపోయినా, ఆమెను రాత్రివేళ బండి దింపివేయకూడదు. పగలైనా ఆమె ఎక్కిన చోట గాని, జంక్షనులో గాని, బండి ఆఖరి స్టేషనులో గాని, జిల్లా కేంద్రంలో గాని మాత్రమే దింపాలి. టిక్కెట్టు లేకుండా ఎక్కమని నేను చెప్పడం లేదు సుమండీ. పొరపాటు పడిన ఆడదాన్ని చీకట్లో దిక్కులేని చోట దింపే అధికారం ఎవరికీ లేదని తెలుసుకోవాలి. సెక్షనూ 139, సహాయం నంబరూ 139, కాబట్టి గుర్తు పెట్టుకోవడం తేలిక.

"మేము చదువుకున్నవాళ్ళం, తారీఖు తప్పు చేయం" అంటారా? మంచిదే. కాని 2024 సెప్టెంబరు 1న వానలకు కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, బెజవాడ, కాజీపేట మధ్య రైళ్ళు ఆగిపోయినప్పుడు ఎందరో స్టేషనుల్లో చిక్కుకుపోయారు. వాళ్ళ టిక్కెట్ల మీద తారీఖులన్నీ సరిగానే వున్నాయి. కాబట్టి ఎవరికైనా ఒక రాత్రి రాసిపెట్టి వుండవచ్చు. సంచీలో ఒక దుప్పటి, మందులు, ఇంకొకరికి కూడా సరిపోయే చద్దిపొట్లం పెట్టుకోండి.

పొద్దున్న బండెక్కాక మావారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. "అమ్మ భయపడిందా?" అన్నారు. ఫోను అత్తగారికిచ్చాను. "భయమెందుకురా, అంతమందిమి ఆడవాళ్ళం వుంటేనూ?" అన్నారావిడ.

మరి సెలవు.