ఊరు నిలుచుటకు ఏమి కావలెను?
(ప్రసంగ పాఠము)



పల్లెలు ఖాళీ అగుచున్న సంగతి మనకు క్రొత్త కాదు. యువకులు చదువుకు, పనికి వెళ్ళిపోవుదురు. వృద్ధులు మిగులుదురు. పిల్లలు లేక బడి మూతపడును. బడి లేని ఊరికి క్రొత్త కుటుంబము రాదు. ఐరోపా ఖండములోని మారుమూల ఊళ్ళకు కూడ ఇదే బాధ. మనుష్యులను రప్పించుకొనుటకు వారిలో రెండు ఊళ్ళవారు చేసిన ప్రయత్నములను మీ ముందుంచుచున్నాను.

మొదటిది ఇటలీ దేశపు సిసిలీ ద్వీపములోని సంబూకా అను చిన్న పట్టణము. 2019లో అక్కడి మునిసిపాలిటీ పాడుపడిన ఇళ్ళను ఒక్క యూరో ప్రారంభ ధరకు వేలము వేసినది. కొన్నవారు 3 సంవత్సరములలో ఇల్లు బాగుచేయవలెను. హామీగా 5,000 యూరోలు కట్టవలెను. పలు దేశముల నుండి జనులు ముందుకు వచ్చినారు. ఇళ్ళు అమ్ముడుపోయినవి, తాపీవారికి పని దొరికినది. అయితే కొన్నవారిలో అనేకులు సెలవులకు వచ్చి పోవు పరదేశులు. అప్పుడప్పుడు తాళము తీయు ఇల్లు వేరు, ప్రతి దినము పొయ్యి వెలుగు ఇల్లు వేరు.

రెండవది స్కాట్లాండు పడమటి తీరమున ఉన్న ఎగ్ అను ద్వీపము. 19వ శతాబ్దములో అక్కడ సుమారు 500 మంది ఉండెడివారు. 1853లో గొర్రెల మేపు కొరకు గ్రూలిన్ అను గ్రామమును ఖాళీ చేయించినారు. 1997 నాటికి దీవి అంతటిలో సుమారు 65 మందియే మిగిలినారు. భూమి యావత్తు ఒక్క యజమానిది. రేపు ఉండనిత్తురో లేదో తెలియనివాడు ఇంటి కప్పు ఎందుకు బాగుచేసికొనును? దుకాణము ఎందుకు పెట్టును?

ద్వీపవాసులు ఈ మూలమునే పట్టుకొన్నారు. చందాలు పోగుచేసినారు. వేలమంది సామాన్యులు తమకు తోచినంత పంపినారు. ఒక దాత పేరు చెప్పకుండ పెద్ద మొత్తము ఇచ్చినారు. 1997 జూన్ 12న సుమారు 15 లక్షల పౌండ్లకు కొన్న ఆ ద్వీపము ఒక ట్రస్టు వశమైనది. అటుపిమ్మట దీర్ఘకాలపు కౌలు పత్రములు ఇచ్చినారు, రేవు వద్ద దుకాణము, టీ హోటలు కట్టినారు. అంతవరకు ఎవరి డీజిల్ ఇంజను వారిదే. 2008లో గాలి, నీరు, ఎండల నుండి రాత్రింబగళ్ళు కరెంటు తెచ్చుకొన్నారు. ఏ ఇంటివారైనను ఒక్కసారి 5 కిలోవాట్లకు మించి వాడరాదు. ఈ నియమము ఇళ్ళన్నిటికి ఒక్కటే.

తరువాత జనసంఖ్య 100 దాటినది. వెళ్ళిపోయిన పిల్లలలో కొందరు భార్యాబిడ్డలతో తిరిగి వచ్చినారు. కష్టములు తీరిపోలేదు. తుఫాను వచ్చిన పడవ నడవదు. హైస్కూలుకు పిల్లలు దీవి దాటి పోవలెను. రావలెనను వారికి ఇళ్ళు చాలవు. కాని మనుష్యులు లేక ఇళ్ళు కూలుటకంటె, ఇళ్ళు చాలకపోవుట మేలైన చిక్కే గదా!

సంబూకా బయటివారికి ఇల్లు చూపినది. ఎగ్ మొదట ఉన్నవారికి నిలకడ ఇచ్చినది. దానిని చూచి ఇతరులు వచ్చినారు. కాబట్టి మన ఊరివారు పట్టణమునకు ఎందుకు పోయిరని విచారించునప్పుడు, పోనివారిని కూడ అడుగుదము: నీ ఇంటి స్థలము నీ పేర ఉన్నదా? నీ బిడ్డకు బడి ఉన్నదా? నీ మాటకు ఊరిలో విలువ ఉన్నదా? ఈ మూడింటికి ఔనని చెప్పగల ఊరు తనంతట తానే మనుష్యులను పిలుచుకొనును.